క్యూసెక్కులు సరే, నీళ్లు ఎన్ని గంటలకొస్తయి?

నిజాంసాగర్ గేట్ల దగ్గర కూర్చుని ప్రవాహం లెక్క రాసే ఇంజనీరు గారికి,

మీ పేరు పెట్టి రాయడం లేదు. మీరు రేపు బదిలీ మీద వెళ్తే మీ కుర్చీలోకి వచ్చేవారికి కూడా ఈ ఉత్తరమే చెల్లుతుంది. పత్రికకు ఎందుకు పంపుతున్నానంటే, మీరిచ్చే అంకెను మా దాకా మోసుకొచ్చే టీవీలవాళ్లూ పేపర్లవాళ్లూ కూడా ఇది చదవాలి. సగం మాటలు వాళ్లకే.

నేను మంజీర ఒడ్డున, మీ కట్టకు దిగువన ఉండేవాణ్ణి. హైస్కూల్లో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరయ్యాను. వానాకాలం వస్తే సాయంత్రంపూట మా అరుగు మీద నలుగురు చేరతారు. ఎవరి ఫోనులోనో ఒక మెసేజ్ మోగుతుంది: ఇన్‌ఫ్లో ఇంత, ఔట్‌ఫ్లో ఇంత, మట్టం ఇన్ని అడుగులు, నిలువ ఇన్ని టీఎంసీలు. ఓసారి మా పక్కింటాయన అది విని లేచి నిలబడ్డాడు. ఏటి ఒడ్డున ఆయన మోటరుంది. "సారూ, యాభై వేల స్పీడుతోని వస్తున్నదంట గదా. మోటరు ఇప్పుడే తియ్యాల్నా, పొద్దుగాల దాకా ఆగొచ్చా?"

ముప్పై ఏళ్లు బ్లాక్ బోర్డు మీద కిలోమీటర్లను మీటర్లలోకి, గంటలను సెకన్లలోకి మార్చి పడేసినవాణ్ణి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. తెలివి చాలక కాదు. మీరిచ్చిన అంకెలో ఆ జవాబు లేదు. తీసెయ్యవయ్యా, పోయేదేముంది అన్నాను. రాత్రివేళ ఇద్దరు కొడుకులతో బురదలో దిగి మోటరు మోసుకొచ్చాడు. నీళ్లు మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాయి.

"యాభై వేల క్యూసెక్కుల వేగంతో వరద" అని టీవీలో వినిపించినప్పుడల్లా నాలో పాత మాస్టారు బెత్తం వెతుక్కుంటాడు. క్యూసెక్కు వేగం కాదు. ఒక చోట నిలబడి చూస్తే ఒక సెకనులో ఎంత నీరు దాటిపోయిందో చెప్పే లెక్క అది. ఒక క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు, రెండు బిందెల నీళ్లు. యాభై వేల క్యూసెక్కులంటే సెకనుకు 14 లక్షల లీటర్లు. ఆ నీళ్లు నడిచి వస్తున్నాయా, ఉరికి వస్తున్నాయా అన్నది ఆ అంకె చెప్పదు. ఏటి వెడల్పును లోతుతో, ఆ వచ్చినదాన్ని వేగంతో గుణిస్తే ప్రవాహం వస్తుంది. ఇది మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా అరుగు మీద ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ఏరు 400 మీటర్ల వెడల్పున, సగటున 2 మీటర్ల లోతున పరుచుకుని పోతోందనుకుందాం. అందులో యాభై వేల క్యూసెక్కులు పోవాలంటే నీళ్లు గంటకు దాదాపు 6.4 కిలోమీటర్లు నడవాలి. జోరుగా నడిచే మనిషికన్నా కాస్త ముందు. అదే ఏరు ఒక బండల ఇరుకులో 150 మీటర్లకు కుంచించుకుని మూడున్నర మీటర్ల లోతైందనుకోండి. అవే యాభై వేల క్యూసెక్కులు గంటకు 9.7 కిలోమీటర్ల చొప్పున ఉరుకుతాయి. మీ రిజిస్టరులో రెండు చోట్లా అంకె ఒకటే. ఆ ఇరుకు దగ్గర గొర్రెలను దాటించేవాడికి మాత్రం ఒకటి కాదు. నీటి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. మోకాటి లోతే కదా అని దిగినవాణ్ణి పడగొట్టేది లోతు కాదు.

మీ కొలత తప్పని నేననడం లేదు. గేటు మీద చెయ్యి వేసిన మనిషికి క్యూసెక్కుకు మించిన కొలత లేదు. 11,574 క్యూసెక్కులు ఒక పగలూ రాత్రీ ఆగకుండా వస్తే సరిగ్గా ఒక టీఎంసీ. నిండితే 1405 అడుగుల మట్టం దగ్గర 17.8 టీఎంసీలు పట్టే మీ సాగరంలో ఇంకా ఎంత ఖాళీ ఉంది, ఎన్ని గంటల్లో నిండుతుంది, ఎన్ని గేట్లు ఎత్తాలి అన్నది ఈ లెక్కతో నోటికే చెప్పొచ్చు. వచ్చేది, పోయేది, మిగిలేది. అది కిరాణా కొట్టు చిట్టా లాంటిది, కొట్టు నడపడానికి కావాలి. కానీ మా పక్కింటాయన అడిగింది మీ చిట్టా కాదు కదా.

దేశమంతా మీటర్లలోకి మారిపోయినా మీ శాఖ ఒక్కటీ అడుగుల్లో ఉండిపోయిందేమిటని పిల్లలు నన్నడిగేవాళ్లు. 1956లో చట్టం చేసి, 1958 నుంచి అంచెలంచెలుగా సేర్లూ మణుగులూ మైళ్లూ పోగొట్టారు. వాన మిల్లీమీటర్లలో పడుతుంది, పాలు లీటర్లలో పోస్తాం, బట్ట మీటర్లలో చించుతారు. వాన చెరువులోకి చేరగానే అడుగులైపోతుంది! కేంద్ర జలసంఘం వాళ్లు క్యూమెక్కులంటారు, సెకనుకు ఘనపు మీటరు. ఒక క్యూమెక్కుకు 35 క్యూసెక్కుల పైమాటే. దాని మీద నాకు తగవు లేదు. పాతదైనా నాలుక మీద ఆడుతోంది, ఉండనివ్వండి.

వేగాన్ని కొలిచే కొలతలు చూస్తే నాకొకటి అర్థమైంది. ఏ కొలతయినా దాన్ని వాడి ఏదో ఒకటి చేయాల్సిన మనిషి కోసం పుట్టింది. ఓడవాళ్లది చూడండి. తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకొక ముడి వేసి, కొసన చెక్క కట్టి సముద్రంలో వదిలేవాళ్లు. 28 సెకన్లలో రాలిపోయే ఇసుక గడియారం పట్టుకుని, ఆ లోపల చేతిలోంచి ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టేవాళ్లు. ఇంగ్లీషులో ముడిని నాట్ అంటారు కాబట్టి కొలతకూ అదే పేరు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. భూమి గుండ్రంలో ఒక డిగ్రీని అరవై చేస్తే వచ్చే ముక్క అది. పటం ముందేసుకున్న నావికుడికి దారిలెక్క తేలిక కావాలి, అందుకే నేల మీది మైలు వద్దనుకున్నాడు. క్లాసులో ఇది చెబుతూ "గాలి 34 నాట్లు" అన్నానోసారి. వెనక బెంచీ పిల్లాడు లేచి, "ఆనకాలం నాట్లా, యాసంగి నాట్లా సార్?" అన్నాడు. ఆయకట్టు పిల్లలకు నాట్లంటే వరినాట్లే.

ఆ 34 నాట్లు ఎక్కడికీ పోలేదు. వాయుగుండానికి గాలి గంటకు 31 కిలోమీటర్ల నుంచి, తీవ్ర వాయుగుండానికి 50 నుంచి, తుపానుకు 62 నుంచి అని వాతావరణ శాఖవాళ్లు చెబుతారు. 30, 60 అని గుండ్రంగా ఉండకుండా ఈ వంకర అంకెలెందుకొచ్చాయంటే, అసలు గీతలు గీసింది నాట్లలో: 17, 28, 34. గీతలు నావికులవి. బులెటిన్ మాత్రం కిలోమీటర్లలో వస్తుంది, ఎందుకంటే వినేది రేకుల ఇంట్లో ఉన్నవాడు, చెట్టు కింద బండి ఆపినవాడు. బైకు మీద పోతే 60 కిలోమీటర్ల గాలి మొహానికెట్లా కొడుతుందో వాడికి తెలుసు. ఆ శాఖ తన లెక్క తన దగ్గరుంచుకుని, వినేవాడి లెక్క వాడికిచ్చింది. నేను మిమ్మల్ని అడగబోయేదీ అంతే.

మాక్ అనే కొలత సంగతీ అట్లాంటిదే. హైదరాబాదులో క్షిపణులు తయారుచేసేవాళ్లకు గంటకు ఇన్ని కిలోమీటర్లన్నది అంత పనికొచ్చేది కాదు. ధ్వనిని దాటిందా లేదా అన్నదే ముఖ్యం, అక్కడ గాలి అడ్డుపడే తీరే మారిపోతుంది. అందుకే ధ్వనికి ఎన్నింతలో చెబుతారు. 44వ నంబరు జాతీయ రహదారి మీద కామారెడ్డి దాటేవాడికి గంటకు కిలోమీటర్లు చాలు, ఊరు ఎప్పుడు చేరతాడో తెలుస్తుంది. అదే బండికి బర్రె అడ్డం వస్తే సెకనుకు మీటర్లు కావాలి. గంటకు 60 అంటే సెకనుకు పదహారున్నర మీటర్లకు పైనే. ఉలిక్కిపడి బ్రేకు మీద కాలు వేసేలోపు ఒక సెకను పోయినా పదహారు మీటర్లు పోయినట్టే.

మన పెద్దవాళ్లకు కోసు ఉంది, ఆమడ ఉంది, గడియ ఉంది, జాము ఉంది. వేగానికి మాత్రం విడిగా కొలత పెట్టుకోలేదు. అవసరం పడలేదు. "ఎల్లారెడ్డి ఎంత దూరం?" అంటే "పొద్దున బయల్దేరితే అన్నాల యాళ్లకు" అనేవాళ్లు. దూరం అడిగితే పొద్దు చెప్పేవాళ్లు. మా పక్కింటాయన కూడా ఆ భాషలోనే అడిగాడు.

ఇక కాలువ సంగతి. మీ ముందు తరాలవాళ్లకు నీటి వేగం ప్రాణమని నాకు తెలుసు. 1895లో పంజాబు కాలువల మీద పనిచేసిన కెనడీ అనే ఇంజనీరు ఒక మాట తేల్చాడు. మట్టికాలువలో నీళ్లు నెమ్మదిగా పోతే ఒండ్రు దిగబడుతుంది, తొందరగా పోతే గట్లు కోసుకుపోతాయి. లోతును బట్టి ఈ రెండూ కాని వేగం ఒకటుంటుంది, దానికి తగ్గట్టు కాలువ తవ్వాలి అన్నాడు. 1923లో మొదలుపెట్టి 1931 నాటికి అచ్చంపేట, బంజేపల్లి మధ్య మంజీరకు అడ్డంగా ఈ కట్ట లేపిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ తరం ఇంజనీర్లు ఆ చదువు చదివినవాళ్లే. 155 కిలోమీటర్ల ప్రధాన కాలువను బోధన్, నిజామాబాద్, ఆర్మూరు దిక్కుగా పంపు లేకుండా, వాలు మీదే నడిపించారంటే అదంతా వేగం లెక్క. వాలు కాస్త ఎక్కువైతే గట్టు పోతుంది, కాస్త తక్కువైతే పూడుతుంది. ఆయన పుట్టిన జూలై 11ను మీరు తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటారు కదా. దండ వేసేటప్పుడు ఆ వాలును తలచుకోండి.

సాగరంలో పూడిక కూడా వేగం చేసిన పనే. ఏటిలో ఉరుకుతున్న నీళ్లు వెనక జలాల్లోకి రాగానే నడక మానేసి కూర్చుంటాయి. అంతదాకా మోసుకొచ్చిన ఇసుకా ఒండ్రూ అక్కడే దించేస్తాయి. కట్టిన నాడు దాదాపు 30 టీఎంసీలు పట్టిన చెరువు, తర్వాత మట్టం పెంచుకున్నా, ఇవాళ 17.8 దగ్గర ఉందంటే తొంభై ఏళ్లుగా నీళ్లు అక్కడికొచ్చి బరువు దించుకుంటూనే ఉన్నాయన్నమాట. సరే, ఆ బాధ వేరే ఉత్తరం పట్టేంత ఉంది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ప్రతి యాసంగికీ తొమ్మిదో తరగతి పిల్లల్ని కాలువ వంతెన దగ్గరికి తీసుకుపోయేవాణ్ణి. ప్రయోగానికి కావలసిందల్లా 30 మీటర్ల తాడు, జొన్న బెండు ముక్కలు, ఎవరిదో చేతి గడియారం. గట్టున తాడు పరిచి రెండు కొసల దగ్గరా ఇద్దరు పిల్లలు నిలబడతారు. పైనున్నవాడు బెండు వదిలి కేకేస్తాడు, కిందవాడు అది తన ముందుకు రాగానే చెయ్యెత్తుతాడు. పదిసార్లు చేసి సగటు తీస్తాం. ఒక ఏడాది 40 సెకన్లొచ్చింది. అంటే సెకనుకు ముప్పావు మీటరు. కానీ నీళ్లు పైన తొందరగా, అడుగున మట్టిని రాసుకుంటూ నెమ్మదిగా పోతాయి కాబట్టి 0.85తో గుణించాలి, 0.64 వస్తుంది. దాన్ని 3.6తో గుణిస్తే గంటకు 2.3 కిలోమీటర్లు. ఎడ్లబండి కూడా ఇంతకన్నా తొందరగా పోతుంది. మీరైతే కప్పులు తిరిగే మీటరును నీటిలో పదింట ఆరు వంతుల లోతుకు దించి, చుట్లు లెక్కపెట్టి ఇదే సంగతి ఇంకా చక్కగా రాబడతారు.

ఆ లెక్క చెప్పాక ఒక అమ్మాయి అడిగింది: "మరి కాలువ మొత్తం పోవాలంటే?" 155ను 2.3తో భాగించమన్నాను. 67 గంటలు. మూడు రోజులకు కాస్త తక్కువ. ఆ అమ్మాయిది చివరి ఆయకట్టు. "అందుకేనా, నీళ్లిడిసిండ్రని పేపర్ల పడ్డ మూడు నాలుగు దినాలకు గాని మాకు రావు!" అంది. దారిలో తూములూ ఎండిన కాలువ తాగే నీళ్లూ కలిపితే ఇంకా ఎక్కువే పడుతుంది. అయినా ఆ ఇంట్లో ఇన్నాళ్లూ తిట్టుకున్నదాంట్లో సగం, కాలువ నీళ్లు వదిలే లష్కరును కాదు తిట్టాల్సింది, కిలోమీటర్లనని ఆ రోజు తేలింది. మిగతా సగం గురించి నేను మాట్లాడను.

వరద దగ్గర మాత్రం ఈ బెండు లెక్క మోసం చేస్తుంది. ఇదే ఈ ఉత్తరంలో ముఖ్యమైన సంగతి. గేట్లు ఎత్తగానే నీళ్లతోపాటు ఒక పొంగు కూడా బయల్దేరుతుంది. పొంగు నీళ్లకన్నా ముందు నడుస్తుంది. వెనకనుంచి వచ్చే నీరు ముందున్న నీటిని నెడితే, అది దాని ముందున్నదాన్ని నెడుతుంది. క్యూలో వెనకవాడు తోస్తే ఆ తోపు ముందువాడి దాకా క్షణంలో పోతుంది, వెనకవాడు మాత్రం ఉన్నచోటే ఉంటాడు, అట్లా. వెడల్పాటి ఏటిలో పొంగు నీటి వేగానికి ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుందని మీ పుస్తకాల్లోనే ఉంది, నీటిది 3 అయితే పొంగుది 5 అని. నీళ్లు సెకనుకు 2 మీటర్లు, అంటే గంటకు 7.2 కిలోమీటర్లు పోతుంటే పొంగు 12 కిలోమీటర్లు పోతుంది. ఏటి దారిన 40 కిలోమీటర్ల దిగువనున్న ఊరికి మీ గేటు దగ్గరి చెట్టుకొమ్మ కొట్టుకు రావడానికి ఐదున్నర గంటలు పడుతుంది. మట్టం పెరగడం మాత్రం మూడు గంటల ఇరవై నిమిషాల్లోనే మొదలవుతుంది. కొమ్మ కోసం చూస్తూ కూర్చున్నవాడి కాళ్ల కింద ఇసుక అప్పటికే జారిపోయి ఉంటుంది.

వంపులూ చెక్‌డ్యాములూ తుమ్మపొదలూ ఉన్న అసలు ఏటిలో ఈ అంకెలు మారతాయి. అందుకే మాస్టారు లెక్క చాలదు, మీ రికార్డులు కావాలి. ఏ గేటు ఎన్నింటికి ఎత్తారో, ఏ వంతెన దగ్గర ఎన్నింటికి మట్టం లేచిందో తొంభై ఏళ్ల కట్టకు తెలియకుండా ఉంటుందా?

ఎగువనున్నవాళ్లకు ఒక కొలమానం దానంతటదే దొరికింది. పైనున్న సింగూరు డ్యాం గేట్లు ఎత్తితే ఏడుపాయల దగ్గర మంజీర పొంగి వనదుర్గమ్మ గుడి ముందుకు నీళ్లొస్తాయి. గర్భగుడి మూసి రాజగోపురం దగ్గర ఉత్సవమూర్తికి పూజలు చేస్తారు. ఆ వార్త రాగానే నాగిరెడ్డిపేట వైపు ఏటి పొలాలవాళ్లు లెక్కవేసుకుంటారు. అమ్మవారి మెట్లు మునిగాయంటే ఇక మన వంతు అని. క్యూసెక్కులడిగే పని లేదు. దిగువన మాకు అట్లాంటి గుడి లేదు, మీ మెసేజే ఉంది.

2025 ఆగస్టు చివర్లో ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. కామారెడ్డి జిల్లాలో అర్గొండ దగ్గర ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. వాగులు ఊళ్లమీద పడ్డాయి. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. 1922లో కట్టిన పోచారం కట్ట మీదుగా నీరు ఉరుకుతుంటే, నిలుస్తుందా పోతుందా అని గుండెలు చిక్కబట్టుకున్నాం. నిలిచింది. ఆ నీరంతా మీ సాగరానికే వచ్చింది. ఆ రెండు రోజులూ ఫోన్లలో లక్షల క్యూసెక్కుల అంకెలు మోగుతూనే ఉన్నాయి. మా అరుగు మీద ఒక్కరు కూడా వాటిని గంటల్లోకి మార్చలేకపోయారు. లక్ష అంటే ఎక్కువ అని మాత్రం అర్థమైంది. ఎక్కువని తెలిస్తే భయం పుడుతుంది గాని ఎటు పోవాలో, ఎప్పుడు పోవాలో తెలియదు.

భద్రాచలంలో చూడండి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కు మూడోది. అక్కడ పండ్లు అమ్మే ముసలమ్మకు కూడా ఆ మూడు అంకెలు నోటికి వచ్చు. 1986లో 75.6 అడుగులు వచ్చిందన్నదీ వచ్చు. గోదావరిలో అప్పుడు ఎన్ని లక్షల క్యూసెక్కులు పోతాయో ఆమెకు తెలియదు, ఆమెకు అక్కర్లేదు. 48 దాటిందంటే బుట్ట సర్దుకుంటుంది. అక్కడి ఇంజనీర్లు తమ లెక్కను ఆ ముసలమ్మ లెక్కలోకి మార్చిపెట్టారు.

నేనడిగేదీ అదే. మీ మెసేజ్‌లో క్యూసెక్కులు ఉండనివ్వండి, కింద ఇంకొక్క వరుస చేర్చండి: గేట్లు ఇన్నింటికి ఎత్తాం, ఫలానా వంతెన దగ్గర మట్టం ఇన్ని గంటలకు పెరగడం మొదలవుతుంది, ఫలానా గీత దాకా వస్తుంది. కందకుర్తిలో గోదావరిని కలిసేదాకా మంజీర మీదున్న వంతెనల కాళ్లకు మూడు రంగుల్లో గీతలు వేయించండి. మా దాకా అంకె మోసుకొచ్చే పాత్రికేయ మిత్రులకొక మనవి: "క్యూసెక్కుల వేగం" అనకండి, "క్యూసెక్కుల ప్రవాహం" అనండి. వేగం కావాలంటే ఇంజనీరు గారినే అడిగి గంటకు ఎన్ని కిలోమీటర్లో రాయండి. దండోరా వేసేవాడికి మా భాష ఎప్పుడో వచ్చు. "ఏట్ల దిగకుండ్రి, పొద్దుగూకే యాళ్లకు నీళ్లస్తున్నయ్" అంటాడు. వాడి నోటికందే అంకె ఇస్తే చాలు.

పిల్లలు కట్టిన లెక్కల నోటుబుక్కు నా దగ్గరే ఉంది. తారీఖు, వంతెన, బెండు పట్టిన సెకన్లు, అన్నీ రాసి ఉన్నాయి. అందులో కొన్ని చోట్ల గుణకారం తప్పు, ఎర్రసిరాతో దిద్దాను. కాలువకు నీళ్లిడిచిన రోజు చూసి కబురు చేయండి, వంతెన దగ్గరికి నేనే వస్తాను. తాడు నాది. బెండ్లు పక్కింటాయన తెస్తానన్నాడు, ఆయనకు మీతో మోటరు సంగతి కూడా మాట్లాడేది ఉందట.

ఇట్లు,
మంజీర దిగువ ఒడ్డు నుంచి
ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు